రోమకూపం దాటకూడని మందు

వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు మందు వాడేవాణ్ణి మన సమాజం రెండుసార్లు చులకన చేస్తుంది. జుట్టు లేదని ఒకసారి, లేని జుట్టు కోసం ఆరాటపడుతున్నాడని మరోసారి. మొదటిది వట్టి ఎగతాళి కాబట్టి దానితో వాదం పెట్టుకోనక్కర్లేదు. రెండోది మాత్రం వేదాంతం వేషం కట్టుకుని వస్తుంది. దేహమే అశాశ్వతం, అందులో వెంట్రుక ఎంత. తాతకూ తండ్రికీ వచ్చింది నీకూ వచ్చింది. ప్రారబ్ధం అనుభవించాల్సిందే, పోయేదాన్ని పోనివ్వు అంటుంది. ఈ మాటల్లో నిజం లేకపోలేదు, కానీ ఆ నిజాన్ని తెచ్చి తప్పు చోట పెడుతున్నారని నా అభిప్రాయం. జుట్టు కావాలనే కోరిక మంచిదా చెడ్డదా అని ఎంత తర్కించినా పెద్దగా తేలేది ఉండదు. ఆ కోరిక తీర్చుకోవడానికి వాడే మందు ఒంట్లో ఎంత దూరం పోతోంది, ఒంటి బయట ఇంకెవరిని తాకుతోంది అన్నదే ధర్మం అడగవలసిన ప్రశ్న. మందును నానోకణాల్లో నింపి నేరుగా వెంట్రుక కుదురుకు చేర్చాలని ప్రయోగశాలల్లో ఏళ్లుగా సాగుతున్న ప్రయత్నం ఈ కారణం చేతనే తత్త్వచింతనకు కూడా పనికొచ్చే విషయం అవుతుంది.

కోరిక సంగతి ముందు తేల్చేద్దాం. మన ప్రాచీనులు జుట్టును పట్టించుకోలేదనుకోవడం ఆ గ్రంథాలు తెరవనివాళ్ల మాట. అథర్వవేదం ఆరో కాండలో 136, 137 సూక్తాలు కేశవృద్ధి కోసమే ఉన్నాయి. నితత్ని అనే ఓషధిని సంబోధిస్తూ, ఉన్న జుట్టు నిలవాలనీ కొత్తది రావాలనీ కోరే ప్రార్థనలవి. ఆ ఓషధిని జమదగ్ని తన కూతురి జుట్టు కోసం తవ్వి తీశాడని అందులోనే ఉంది. కూతురి తలకట్టు కోసం నేల తవ్విన మహర్షిని దేహాభిమాని అని ఎవరూ అనలేదు. ఇక సుశ్రుతుడు ఇంద్రలుప్తం, ఖాలిత్యం అనే పేర్లతో బట్టతలను క్షుద్రరోగాల, అంటే చిన్న రోగాల, వరసలో చేర్చాడు. పిత్తం వాతంతో కలిసి రోమకూపాలకు చేరి వెంట్రుకలను రాలుస్తుందని, తరవాత కఫం రక్తంతో కలిసి ఆ కూపాలను మూసేయడంతో కొత్తవి మొలవవని ఆయన వివరణ. ఆ శారీరక సిద్ధాంతాన్ని ఈనాడు ఒప్పుకోనక్కర్లేదు. నాకు ముఖ్యమనిపించేది ఆయన దాన్ని ఏ పెట్టెలో పెట్టాడన్నది. రోగం అన్నాడు, కాబట్టి చికిత్స చెప్పాడు, లేపాలు చెప్పాడు. చిన్న రోగం అన్నాడు, కాబట్టి దాన్ని రాజయక్ష్మ (క్షయ) పక్కన కూర్చోబెట్టలేదు. ఈ రెండు తీర్పుల్లో ఒక్కదాన్నే పట్టుకున్నవాళ్లే మనకు ఎక్కువ. రోగమన్న మాట పట్టుకుని వ్యాపారులు భయపెడతారు, చిన్నదన్న మాట పట్టుకుని వేదాంతులు కొట్టిపారేస్తారు.

అయినా వేదాంతి వైపు బలమైన సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాటవేస్తే వాదం నిలవదు. 14వ శతాబ్దంలో అద్వైతాచార్యుడు విద్యారణ్యుడు జీవన్ముక్తివివేకం అనే గ్రంథంలో దేహవాసనను, అంటే దేహం మీది మమకారాన్ని, మూడుగా విడదీశాడు. దేహమే నేననుకోవడం ఒకటి. దేహానికి లేని గుణాన్ని తెచ్చిపెట్టబోవడం రెండోది. ఉన్న దోషాన్ని తీసేయబోవడం మూడోది. మూడూ భ్రాంతులే అన్నాడాయన. ఈ లెక్కన బట్టతలకు మందు రాసుకునేవాడు రెండో భ్రాంతిలోనూ ఉన్నాడు, మూడో భ్రాంతిలోనూ ఉన్నాడు. కానీ విద్యారణ్యుణ్ణి సాక్షిగా పిలిచేవాళ్లు ఆయన సాక్ష్యం మొత్తం వినరు. దోషాలు పోగొట్టుకునే ప్రయత్నాల్లో ఆయన వైద్యుడి మందులనే కాదు, శాస్త్రం చెప్పిన స్నానాన్నీ ఆచమనాన్నీ కూడా చేర్చాడు. దేహం స్వభావరీత్యా శుద్ధి అయ్యేది కాదన్నది ఆయన వాదం. దాని బలం మీద జుట్టు మందును నిషేధించేవారు రేపు పొద్దున చేయబోయే స్నానాన్ని కూడా మానుకోవాలి, జ్వరం వస్తే మాత్ర మింగకూడదు. జీవన్ముక్తిని లక్ష్యంగా పెట్టుకున్న సన్న్యాసికి చెప్పిన మాటను, ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లే ఇరవై అయిదేళ్ల కుర్రాడి మీదికి, అదీ ఒక్క జుట్టు విషయంలోనే విసరడం వేదాంతం అనిపించుకోదు. అలాగని విద్యారణ్యుణ్ణి పూర్తిగా పక్కన పెట్టను. మనసు పదేపదే అద్దం దగ్గరికి పోవడమే ఆయన అసలు ఫిర్యాదు. ఆ ఫిర్యాదు ఈ మందుల విషయంలో ఎంత పదునైనదో కాసేపట్లో తెలుస్తుంది.

త్యాగం పేరు చెప్పి మందును వద్దనేవారి తర్కంలో ఇంకో చిక్కు ఉంది. వైరాగ్యానికి బోడితల గుర్తు అన్న మాట నిజమే. బౌద్ధ భిక్షువు తల గొరిగించుకుంటాడు, జైన ముని తన చేత్తోనే వెంట్రుకలు పీక్కుంటాడు, తిరుమల కల్యాణకట్టలో భక్తులు తలనీలాలు ఇస్తారు. ఈ మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఇచ్చేవాడి సంకల్పం. ఇవ్వకుండా ఉండే అవకాశం ఉండి ఇచ్చాడు. వంశం వల్ల రాలిపోయే జుట్టులో సంకల్పం లేదు, కాబట్టి అందులో త్యాగమూ లేదు. ఊడిపోయినదాన్ని మొక్కు కింద జమ కట్టమని ఏ దేవుణ్ణీ అడగలేం. సంకల్పం ఎంత బరువైనదో 2004లో యూదు మతాచార్యుల మధ్య నడిచిన వాదం చూస్తే తెలుస్తుంది. సంప్రదాయ యూదు కుటుంబాల వివాహిత స్త్రీలు తల కప్పుకోవడానికి విగ్గులు వాడతారు. వాటిలో తిరుమల జుట్టు ఉందని తెలిసినప్పుడు, జెరూసలేంలో రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ ఆ విగ్గులు పనికిరావని తీర్పు చెప్పారు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో విగ్గులను వీధిలో వేసి కాల్చారు. జుట్టు ఇస్తున్న భక్తుడి మనసులో ఆ కత్తిరింపే పూజా, లేక పూజకు ముందు చేసుకునే శుద్ధి మాత్రమేనా అన్న దాని మీద ఆ వాదమంతా తిరిగింది. ఏ వెంట్రుకను పరీక్షించినా రసాయనంగా తేడా ఉండదు, తేడా అంతా ఇచ్చినవాడి ఉద్దేశంలోనే.

సంకల్పాన్ని తీసేస్తే అదే బోడితల ఏమవుతుందో మన చరిత్రే చెబుతుంది. బ్రాహ్మణ వితంతువులకు బలవంతంగా తల గొరిగించిన రోజులు తెలుగునేల మీద మరీ పాతవి కావు. ఆ స్త్రీలకు వైరాగ్యం అబ్బిందని చెప్పుకునేవారు. 1996లో తూర్పుగోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులకు శిరోముండనం చేశారు. ఆ కేసులో 2024లో విశాఖపట్నం కోర్టు శిక్షలు వేసింది. కల్యాణకట్టలో పుణ్యమైన పని అక్కడ నేరమైంది. కనుక బట్టతల వచ్చినవాడికి వైరాగ్యం నేర్పబోయేవారు, అతడి చేతిలో లేనిదాన్ని అతడి త్యాగంగా చూపుతున్నారని గుర్తించాలి. మందు వాడి జుట్టు నిలుపుకున్నవాడు ఆ జుట్టునే రేపు తిరుమలలో ఇచ్చి రావచ్చు. అప్పుడది నిజంగా ఇచ్చినట్టు.

ప్రారబ్ధం అనే అభ్యంతరానికి సమాధానం వేదాంతంలో కన్నా వైద్యచరిత్రలో తేలిగ్గా దొరుకుతుంది. జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శరీరశాస్త్రవేత్త 1942లో ఒక పరిశీలన ప్రచురించాడు. యుక్తవయసు రాకముందే వృషణాలు కోల్పోయిన పురుషులకు బట్టతల రాలేదు. వారికి టెస్టోస్టెరోన్ ఇచ్చినప్పుడు, కుటుంబంలో బట్టతల ఉన్నవారికి జుట్టు ఊడడం మొదలైంది, ఆ వంశలక్షణం లేనివారికి అంతగా ఊడలేదు. వంశం ఒక్కటే చాలదు, హార్మోన్ ఒక్కటే చాలదు, రెండూ కలవాలి. ఆ హార్మోన్ కూడా కుదురు దగ్గర ఒక ఎంజైమ్ చేతిలో డైహైడ్రోటెస్టోస్టెరోన్‌గా, అంటే డీహెచ్‌టీగా మారాకే వెంట్రుకను సన్నబరుస్తుందని తరవాత తేలింది. (తండ్రి తలను చూసి నిట్టూర్చేవాళ్లు ఓసారి తల్లి తండ్రి ఫొటో కూడా చూడాలి. ఇందులో పెద్దపాత్ర వహించే ఒక జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, మగవాడికి అది తల్లి నుంచే వస్తుంది.) పుట్టుకతో వచ్చిన కారణానికి సహకారి కారణాలు తోడైతేనే ఫలితం వచ్చేటప్పుడు, ఆ సహకారిని ఒకచోట ఆపడం విధిని ధిక్కరించడం ఎలా అవుతుంది? ప్రారబ్ధం తప్పదనేవారు చత్వారానికి కళ్లజోడు పెట్టుకోవడం మానలేదు కదా.

కోరికకు అభ్యంతరం లేదని తేలితే పని అయిపోయినట్టు కాదు, అసలు పని అక్కడే మొదలవుతుంది. చిన్న రోగానికి పెద్ద మూల్యం చెల్లించడం వివేకం కాదు. ఆ మూల్యాన్ని ఇంకొకరి చేత చెల్లింపజేయడం ధర్మం కాదు. ఈ రెండు కొలతలతో ఇప్పుడున్న మందులను చూద్దాం. మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. 1979లో అమెరికాలో అనుమతి పొందింది, మింగినవాళ్లకు ముఖం మీదా చేతుల మీదా వెంట్రుకలు రావడంతో దాని రెండో జీవితం మొదలైంది. 1988లో 2 శాతం ద్రావణంగా తలకు రాసుకునే మందైంది. రాసినదానిలో ఒకటి రెండు శాతమే రక్తంలోకి పోతుంది, అది మంచి సంగతే. కానీ ఆల్కహాలు, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిసిన ఆ ద్రావణం కొందరికి దురద, పొట్టు, ఎర్రదనం తెస్తుంది. రోజుకు రెండుసార్లు, నెలలూ ఏళ్లూ రాస్తూ ఉండాలి, ఆపితే వచ్చిన జుట్టు మళ్లీ రాలిపోతుంది. ఫినాస్టిరైడ్ కథ వేరు. 1992లో ప్రొస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగా వచ్చింది. బాగానే పనిచేస్తుంది. కానీ నెత్తిమీద నాలుగు అంగుళాల మేర డీహెచ్‌టీ తగ్గించడానికి ఒళ్లంతా తగ్గిస్తుంది. ఒక ఇంట్లో కుళాయి కారుతోందని ఊరి ట్యాంకు వాల్వు కట్టేయడం లాంటిదిది. కొద్దిమందిలో లైంగిక సమస్యలు వస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు దీని దుష్ప్రభావాల్లో ఒకటని 2025లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ నిర్ధారించింది. పగిలిన మాత్రను గర్భిణి ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదలకు ప్రమాదం. ఇక్కడ నా రెండో కొలత గట్టిగా పట్టుకుంటుంది. జుట్టు కావలసింది ఒకరికి, ప్రమాదం పుట్టని బిడ్డకు.

నానోకణాల ప్రయత్నం సరిగ్గా ఈ చోటికే వస్తుంది. చర్మం పైపొర, చనిపోయిన కణాల పొర, ఒక మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు మందమే ఉంటుంది, అయినా చాలా మందులను అక్కడే ఆపేస్తుంది. అయితే తల మీద సుమారు లక్ష చోట్ల ఆ గోడలోకి లోతైన దారులు దిగి ఉన్నాయి, అవే రోమకూపాలు. బెర్లిన్ షారిటే ఆసుపత్రిలో యుర్గెన్ లాడెమన్ బృందం 2007లో ప్రచురించిన పనిలో, సుమారు 320 నానోమీటర్ల కణాలను, అంటే వెంట్రుక మందంలో దాదాపు రెండువందలో వంతు ఉన్నవాటిని, చర్మం మీద రాసి మర్దన చేశారు. అదే రంగు పదార్థాన్ని కణాలు లేకుండా రాసినప్పటికన్నా అవి కూపాల్లో చాలా లోతుకు దిగాయి. కణాలు లేనిది నాలుగు రోజుల్లో కూపంలోంచి పోతే, కణాలు పది రోజుల దాకా నిలిచాయి. మర్దనకు వెంట్రుక కదిలినప్పుడు దాని ఒంటి మీది పొలుసులు కణాలను లోపలికి నెడతాయని వారి వివరణ. ఇందులో నన్ను ఎక్కువగా ఆకర్షించేది కణం పరిమాణం గురించిన ఒక విషయం. ఎంత చిన్నదైతే అంత మేలనుకుంటాం, ఇక్కడ అది తప్పు. మూడు వందల నుంచి ఆరు వందల నానోమీటర్ల కణం కూపంలో దిగుతుంది, కానీ దాని గోడ దాటి బతికున్న కణజాలంలోకి పోలేదు. నలభై నానోమీటర్ల కణాలైతే కూపం చుట్టూ ఉన్న రోగనిరోధక కణాల్లోకి చేరాయని అక్కడి పరిశోధకులే 2006లో చూపారు. టీకా ఇవ్వాలంటే అది వరం, జుట్టు మందుకైతే అది గీత దాటడం. కణాన్ని ఎంత పెద్దగా చేయాలన్న నిర్ణయంలోనే ఈ మందు ఎక్కడ ఆగాలన్న నైతిక నిర్ణయం కూడా ఇమిడి ఉంది.

విద్యారణ్యుడి ఫిర్యాదుకు జవాబు కూడా ఇక్కడే కొంత దొరుకుతుంది. రోజుకు రెండుసార్లు నెత్తి చూసుకుని మందు పూసుకునేవాడి మనసు రోజుకు రెండుసార్లు జుట్టు దగ్గరికి పోక తప్పదు. ఆ మందే అతడి దేహవాసనకు గడియారం కడుతుంది. కూపంలో నిలవ ఉండి నెమ్మదిగా మందు వదిలే కణం వల్ల వారానికోసారి రాస్తే సరిపోయే రోజు వస్తే, మిగతా ఆరు రోజులు అతడు వేరే సంగతులు ఆలోచించుకోవచ్చు. వైరాగ్యం కోరేవారు మందు మానేయమని కాక, మరిచిపోగలిగే మందు తయారు చేయమని అడగడం మేలు.

ఈ వాదాన్ని ఎంత దూరం లాగవచ్చో మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. పైపూత గనక ఒంటికి అంటదన్న నమ్మకం అబద్ధం. 2021లో ప్రచురితమైన ఒక పెద్ద ప్రయోగంలో ఫినాస్టిరైడ్ స్ప్రేను మాత్రతో పోల్చారు (ఇది నానో మందు కాదు, మామూలు ద్రావణమే). స్ప్రే వాడినవారి రక్తంలో మందు మోతాదు వంద రెట్లకు పైగా తక్కువగా ఉంది. అయినా వారి రక్తంలో డీహెచ్‌టీ 34.5 శాతం తగ్గింది, మాత్ర మింగినవారిలో 55.6 శాతం. వందో వంతు మందు సగానికి మించిన ప్రభావం చూపిందన్న మాట. కూపం అడుగున రక్తనాళాలున్నాయి. అక్కడ విడుదలైన మందులో కొంతైనా బయటపడుతుంది, అంత తక్కువ మందు కూడా పనిచేస్తుంది. నానోకణాలు ఆ కారడాన్ని ఇంకా తగ్గించవచ్చు, సున్నా చేయలేవు. అమెరికాలో మందుల దుకాణాలు సొంతంగా కలిపి అమ్మే ఫినాస్టిరైడ్ పూతల మీద 2025 ఏప్రిల్‌లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. వాడినవారిలో కొందరు పైపూతే కదా, ప్రమాదం ఉండదని అనుకున్నారు. నానో జుట్టు మందుల మీద వచ్చిన పనిలో ఎక్కువ భాగం ఇంకా పంది చర్మం మీదా ఎలుకల మీదా ఉండగానే, సీసా మీద నానో అని అచ్చువేసి అమ్మడం మొదలైంది. హద్దులో ఉంటుందని చెప్పి హద్దు దాటించే అమ్మకం, హద్దే లేదని చెప్పి అమ్మేదానికన్నా పెద్ద అసత్యం.

నా వాదానికి అన్నిటికన్నా గట్టి అభ్యంతరం శాస్త్రాల నుంచి రాదు, సమాజం నుంచి వస్తుంది. మందు సులువుగా, హాని లేకుండా దొరికిందనుకుందాం. అప్పుడు బట్టతలతో హాయిగా ఉండేవాడు కూడా ఎందుకు వాడలేదని సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. పెళ్లిచూపుల్లో ఇప్పటికే సగం వినిపించే ప్రశ్న అది. ఆడవాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. వారికీ వంశం వల్ల పాపిట పలచబడుతుంది, కానీ మగవాడికి దొరికే పాటి హాస్యం కూడా వారికి దొరకదు. ఈ అభ్యంతరంలో చాలా భాగం ఒప్పుకుంటాను. హాని లేని మందు కూడా కొందరి స్వేచ్ఛను కుదించగలదు. కానీ ఆ కుదింపు చేసేది చూసేవాడి చూపు, రాసుకునేవాడి చేయి కాదు. చూపును మార్చలేక, బాధపడుతున్నవాడి చేతిలోంచి సీసా లాక్కోవడం న్యాయం అనిపించుకోదు. చూపు మారడం, హాని లేని మందు రావడం, ఈ రెండు పనులూ వేర్వేరుగా జరగాలి, మొదటిది ఇంకా కష్టం.

ఇక మిగిలింది నా కొలత నన్నే ఇరుకున పెట్టే చోటు. మందు ప్రభావం ఎంతవరకు పోతుందో చూడమన్నాను. అది పరీక్షించడానికి ముందు ప్రయోగశాలలో నల్ల బొచ్చు ఎలుకల వీపు గొరిగి మందు పూసి, బొచ్చు ఎన్నాళ్లకు వస్తుందో చూస్తారు. చివరికి వాటి చర్మం కోసి చూస్తారు. సంకల్పం లేని ముండనం అన్యాయమని పైన రాసినవాణ్ణి ఈ ఎలుకను తప్పించుకు పోలేను. చట్టం దగ్గర సంగతి ఇంకా విచిత్రం. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది, యూరప్‌లో ఆ నిషేధం 2013 నాటికి పూర్తయింది. మందులకు ఆ నిషేధం లేదు. అంటే బట్టతలను రోగం అని పిలిస్తే ఎలుక చావవచ్చు, అలంకార లోపం అని పిలిస్తే చావకూడదు. సుశ్రుతుడి చిన్న రోగం ఈ రెండు పెట్టెల మధ్య ఎక్కడో ఉంది, చట్టంలో ఆ మధ్య పెట్టె లేదు. కొత్త మందు అణువుల కోసం వందల ఎలుకలు కావాలి. ఏళ్లుగా వాడుకలో ఉన్న మినాక్సిడిల్‌కు కొత్త వాహనం కట్టడానికి అన్ని అక్కర్లేదు. కణం కూపంలో ఎంత లోతు దిగుతోందో కసాయి దుకాణం నుంచి తెచ్చిన పంది చెవి చర్మం మీద, శస్త్రచికిత్సల్లో తీసేసిన మనిషి నెత్తి చర్మం మీద చూడవచ్చు, బెర్లిన్ లాంటి చోట్ల అలా చూస్తూనే ఉన్నారు. చిన్న రోగానికి నేను ఒప్పుకునే పరిశోధన ఆ పాటిది: తెలిసిన మందు, కొత్త కణం, ముందు చచ్చిన చర్మం, తరవాత ఇష్టపడి వచ్చి అన్నీ తెలిసి సంతకం పెట్టిన మనిషి. మధ్యలో ఎలుక తప్పనిసరి అని ఎవరైనా అంటే, ఎందుకు తప్పదో, ఎన్ని కావాలో వారు చెప్పి ఒప్పించాలి. ఈ రోగం చిన్నది కాబట్టి ఆ బరువు పూర్తిగా వారి మీదే ఉంటుంది.